మేఖలాద్రికి ధారపోసిన వరం

పూర్వం త్రేతాయుగారంభంలో, మేఘాలు నడుముకు మొలనూళ్లలా చుట్టుకుని విశ్రమించే మేఖలాద్రి ప్రాంతాన్ని ధర్మనిరతుడు, ప్రజావత్సలుడు అయిన సుకేదారుడనే రాజు పాలిస్తూ ఉండగా, ఆ పర్వతసానువుల్లో కుల్యాయనుడనే మహర్షి ఆశ్రమం నిర్మించుకుని తపస్సు చేసుకుంటూ ఉండేవాడు. వేదవేదాంగాలు ఆయనకు కరతలామలకాలు. కోపం మాత్రం ముక్కుమీదే ఉండేది. సర్వసంగాలనూ విడిచిన ఆ తపోధనుడికి ఒక్క మమకారం మిగిలిపోయింది. అది ఒక చిన్న ఆనకట్ట మీద.

హంసిని అనే కొండవాగు వర్షాకాలమంతా ఉరుకులు పరుగులతో దిగువకు పోయి, వేసవి వచ్చేసరికి ఇసుక మాత్రం మిగిల్చి మాయమవుతూ ఉంటే, పైర్లు ఎండిన ప్రజల దుఃఖం చూడలేక ఆ మహర్షే రెండు గుట్టల నడుమ రాయి పేర్పించి, బంకమన్ను మెత్తించి, నీరు వదలడానికి తూమూ, ఎక్కువైన నీరు పొర్లిపోవడానికి అలుగూ ఏర్పరచి ఆ కట్ట కట్టించాడు. దానికొక ఆచారమూ ఏర్పడింది. ఏటా ఎండాకాలంలో తూమెత్తి చెరువు ఖాళీచేసి, అడుగున పేరుకున్న ఒండ్రుమట్టిని పొలాలకు తోలుకుని, ఎండ్రకాయలు కట్టలో తొలిచిన బొరియలన్నీ వెదికి, వాటిలో తడి బంకమన్ను కూరి, ఊరు ఊరంతా ఒకరి భుజాల మీద ఒకరు చేతులు వేసుకుని పాటలు పాడుతూ పాదాలతో తొక్కేవారు. దాన్ని తొక్కుడు పండుగ అనేవారు.

అందరికీ పండుగైన ఆ రోజులు మహర్షికి మాత్రం శూలాలు. చెరువు అడుగు కనిపించినప్పుడల్లా ఆయన ప్రాణం ఉసూరుమనేది. ఆ బెంగ పడలేక ఆయన వరుణదేవుణ్ణి ఉద్దేశించి ఘోరతపస్సు చేయగా, మకరవాహనుడు, పాశహస్తుడు అయిన ఆ జలాధిపతి ప్రత్యక్షమై వరం కోరుకొమ్మన్నాడు.

"పశ్చిమ దిక్పాలకా! నా చెరువు ఏనాడూ అంగుళమైనా తగ్గక నిండుకుండలా ఉండేలా అనుగ్రహించు" అన్నాడు మహర్షి.

"కుల్యాయనా! నీళ్ల సంగతి నాకు కొంత తెలుసు. మరొక్కసారి ఆలోచించుకుని కోరుకో."

"ఆలోచించకుండా వరాలడగడానికి నేనేమైనా రాక్షసుణ్ణా స్వామీ?" అని మహర్షి చిరాకుపడ్డాడు. వరుణుడు నవ్వుకుని "తథాస్తు" అని అంతర్ధానమయ్యాడు.

ఇంకేముంది! నడివేసవిలో కూడా చెరువు అంచులు తాకుతూ ఉండేది. తామరలు పూశాయి, హంసలు దిగాయి, పొలాలు ఏటా మూడు పంటలు పండాయి. సుకేదార మహారాజు స్వయంగా వచ్చి మహర్షి పాదాలు కడిగాడు. కొండప్రజలకు పెద్ద అయిన కొమ్మాలు అనే ఆమె మాత్రం ఒకనాడు ఆశ్రమానికి వచ్చి, గడప దగ్గర చతికిలబడి, "ఎండలు ముదిరిపోనాయి సామీ. మరి తొక్కుడు పండగెప్పుడు సేద్దుం?" అని అడిగింది.

"వెర్రిదానా! దేవుడు నింపిన చెరువుకు మనుషులు మాట్లు వేస్తారా? అయినా నీళ్లు పోతేగా మీరు దిగేది!"

"నీళ్లుండడం మంచిదే, కాదన్ను. కానీ పండగ లేకపోతే మా కుర్రోళ్లకి పెళ్లిళ్లు కుదరడం లేదు సామీ. ఆ తొక్కుడులోనే గదా ఒకరినొకరు సూసుకునేది" అని ఆమె నిట్టూర్చింది. లోకంలో మహర్షులు పట్టించుకోని శాస్త్రాలు కొన్ని ఉంటాయి. కుల్యాయనుడు కళ్లు మూసుకుని జపంలో పడిపోయాడు.

ఇలా కొన్నేళ్లు గడిచాక, ఒక జ్యేష్ఠమాసపు ఉదయాన ఆ మునివర్యుడు కట్ట దిగువన ఊరే నీటితో ఆచమించబోతే చేతిలోకి బురద వచ్చింది. ఎవరి గేదెలు తొక్కాయోనని ఆయన అటూ ఇటూ కేకలు వేశాడు. కనుచూపుమేరలో గేదె లేదు. మర్నాడు వచ్చి చూస్తే ఆ నీరు మరింత చిక్కగా, మరింత జోరుగా వస్తోంది.  కట్ట కింద తేటనీరు ఊరితే భయం లేదు, బురదనీరు ఊరితే కట్ట లోలోపల కరిగిపోతున్నట్టే. ఊరందరికీ ఆ మాట నేర్పినవాడు ఆయనే మరి.

ఒడ్డుకు పరుగెత్తి, వయసునూ జటాభారాన్నీ మరచి, మహర్షి స్వయంగా తూమెత్తాడు. నీరు భోరుమని పోయింది. పోతూనే ఉంది. చెరువు మాత్రం వెంట్రుకవాసి తగ్గలేదు. దేవతల మాట కదా, ఎంత పోతే అంత నిండుతోంది. ఖాళీ అయితేనే బొరియ కనిపించేది, కనిపిస్తేనే పూడ్చగలిగేది. పైన చూస్తే శిఖరాల మీద ఆషాఢమేఘాలు అప్పుడే బారులు తీరుతున్నాయి. వాన పడితే కట్ట నిలవదు. కట్ట నిలవకపోతే దిగువనున్న పల్లెలు నిలవవు. ఆయన మండిపడి శాపజలం చేతిలోకి తీసుకున్నాడు గానీ, తీరా ఎవరిని శపించాలా అని వెదికితే తను తప్ప ఎవరూ కనిపించలేదు. ఆ నీళ్లు నేలమీద వదిలేసి రాజుకు కబురు పంపాడు.

విన్నవెంటనే సుకేదారుడు దిగువ పల్లెల ప్రజలందరినీ గుట్టలమీదికి తరలించే ఏర్పాటుచేసి, తాను కట్టమీదికి వచ్చాడు. కుల్యాయనుడు నడుములోతు నీటిలో నిలిచి వరుణుణ్ణి ఆవాహన చేయగా, ఆ దేవుడు అలలమీద ప్రత్యక్షమయ్యాడు.

"జలేశ్వరా! నీ వరం నీవు తీసేసుకో."

"మహర్షీ! ఇచ్చింది తిరిగి పుచ్చుకోవడం దేవతల ధర్మం కాదు. అయితే నీవు ధారపోస్తే, పట్టేవారుంటే, ఆ వరం చేతులు మారుతుంది. దానితోబాటు నీ తపఃఫలమూ పోతుంది. పైగా తెలియక కోరానని పదిమంది ఎదుటా చెప్పి మరీ ధారపోయాలి. సమ్మతమేనా?"

తపస్సు పోతే మళ్లీ చేసుకోవచ్చు. పదిమందిలో తప్పు ఒప్పుకోవడం మాత్రం కుల్యాయనుడి వంశంలోనే లేదు. ఆయన దిగువకు చూశాడు. చంటిబిడ్డల్ని చంకనేసుకుని, ముసలివాళ్లను వీపున మోసుకుని, జనం గుట్ట ఎక్కుతున్నారు. ఒక తల్లి కోళ్లగంప నెత్తిన పెట్టుకుని, తన ఇంటివైపు తిరిగి తిరిగి చూసుకుంటోంది. మహర్షి కళ్లు చెమర్చాయి. గట్టుమీదికి వచ్చి, గొంతెత్తి, "నాయనలారా! తల్లులారా! దేవుడు ఆలోచించుకోమన్నా వినకుండా, తెలియక ఈ వరం కోరాను. మీ ప్రాణాల మీదికి తెచ్చాను. తప్పు నాది!" అని చేతులు జోడించాడు.

 అప్పుడు కొమ్మాలు గుట్టమీంచే అరిచింది. "పోనీలెండి సామీ! మా కడుపులు నిండాలనే గదా అడిగినారు!"

ఆ మాటతో మహర్షికి దుఃఖం పొంగుకొచ్చింది, వెంటనే మనసు తేలికపడింది.

ఇక వరం పట్టేదెవరు? రాజు ముందుకు వచ్చి, "మహాత్మా! ప్రజల కోసం నేను పడతాను" అని దోసిలి ఒగ్గాడు. వరుణుడు కంగారుపడి, "ఆగు రాజా! ఎన్నటికీ తరగని నీరు నీ కడుపులో చేరిందంటే జలోదరమంటారు దాన్ని. ఆ రోగం ఎలాంటిదో నాకంటే తెలిసినవాడు లేడు" అనగా, అంతటి ఆపదలోనూ జనం గొల్లున నవ్వారు.

అప్పుడు గుహలన్నీ ఒక్కసారి మారుమోగినట్టు ఒక గంభీరకంఠం వినిపించింది. శిలాశరీరుడు, వనమాలాధరుడు అయిన మేఖలాద్రి పర్వతరాజు పురుషరూపంతో లేచి, "మునీంద్రా! హంసిని నా బిడ్డ. బిడ్డ భారం తండ్రికి బరువా? నా కడుపంతా గుహలే, రాతి సందులే. నీ నిండుదనాన్ని నాకియ్యి, దాచుకుని కొంచెం కొంచెంగా ఊటలుగా విడుస్తాను" అని కొండంత దోసిలి చాచాడు. కుల్యాయనుడు ఆనందబాష్పాలతో కమండలజలం ఎత్తి, తన తపస్సు సర్వస్వంతో సహా ఆ వరాన్ని పర్వతరాజుకు ధారపోశాడు.

అంతే! తెరిచి ఉన్న తూములోంచి నీరు పోయినకొద్దీ చెరువు తగ్గసాగింది. అడుగు బయటపడేసరికి కట్ట లోపలివైపు మనిషి దూరేంత బుంగ నోరు తెరుచుకుని కనిపించింది.  మబ్బులింకా శిఖరం దిగలేదు. బుంగను తవ్వి రాళ్లు పేర్చి, బంకమన్ను కుమ్మరించి, డప్పు మోగించి ఊరంతా తొక్కుడులోకి దిగింది. రాజు కిరీటం తీసి మంత్రి చేతిలో పెట్టి దిగాడు. జటలు నడినెత్తిన ముడివేసి, నారచీర ఎగ్గట్టి, మహర్షి కూడా దిగాడు. అడుగు తప్పినప్పుడల్లా పక్కనున్న పిల్లలు పకపకా నవ్వితే, ముక్కుమీది కోపం ఏమైందో గానీ, ఆయనా నవ్వాడు. ఆ ఏడు పెళ్లిళ్లకు ముహూర్తాలు పెట్టలేక ఆశ్రమంలో శిష్యులు అలసిపోయారని చెబుతారు.

ఆ తొక్కుడు ముగిసిన మర్నాడు వాన విరుచుకుపడింది. చెరువు నిండి అలుగు పొంగింది. కట్ట చెక్కుచెదరలేదు, దిగువన ఊరిన నీరు ముత్యంలా తేటగా ఉంది. వరుణుడు మళ్లీ సాక్షాత్కరించి, "కుల్యాయనా! నీ తపఃఫలం పోయిందని బాధపడకు. మరో వరం కోరుకో" అన్నాడు.

మహర్షి రెండడుగులు వెనక్కి వేశాడు. "స్వామీ! వరాలడగడం నాకు చేతకాదని తేలింది కదా. ఈమెనడుగు" అని కొమ్మాలును చూపించాడు.

ఆమె తడుముకోలేదు. "సల్లని దేవరా! నీళ్లు నువ్విచ్చినావు, కట్ట మేం సూసుకుంటాం. కాకపోతే యేటా తొక్కుడు పండక్కి నువ్వూ రావాల. వచ్చి మాతో తొక్కాల."

సప్తసముద్రాల ప్రభువు ఒక్క క్షణం తెల్లబోయి, మరుక్షణం కెరటాలు పొంగినట్టు నవ్వి, "తథాస్తు" అన్నాడు. ఆనాటినుంచి మేఖలాద్రి ఊటలు నిండువేసవిలోనూ ఎండలేదు. తొక్కుడు పండుగనాడు వరుసలో లెక్కకు అందని ఒక మనిషి ఎప్పుడూ ఉంటాడు. ఎవరని ఎవరూ అడగరు. భుజంమీద చేయి వేసి తొక్కుతారు.

ఈ కథ విన్నవారికి పుణ్యం వస్తుందని పెద్దలంటారు. విన్నాక లేచివెళ్లి తమ ఊరి కట్ట అడుగు చూసుకుని వచ్చినవారికి మాత్రం, ఏ వరమూ అడగకపోయినా వరుణదేవుడు తోడుంటాడు.