తవిటమ్మ కడిగిన మూడు పైసల బిళ్ళ

అనగనగా నాగావళి ఏటి ఒడ్డున ఒక ఊరు, ఆ ఊరికి ఒకే ఒక్క బస్సు, ఆ బస్సుకి గౌరునాయుడని ఒక కండక్టరు. ఏయ్, ముందు కాళ్ళు దుప్పట్లో పెట్టుకో. ఆఁ, ఇప్పుడు విను.

గౌరునాయుడికి నాణేల పిచ్చి. ఇంతా అంతా కాదు! టిక్కెట్టు డబ్బులు సంచీలో వేసుకునే ముందు ప్రతి బిళ్ళనీ తిరగేసి, ఏ సంవత్సరంలో అచ్చయ్యిందో చూసేవాడు. తన దగ్గర లేనిది దొరికితే అంత డబ్బూ సొంత జేబులోంచి సంచీలో వేసి, దాన్ని దాచుకునేవాడు. పాత శుభలేఖల అట్టలకి బ్లేడుతో గూళ్ళు కోసి, గూటికో బిళ్ళ పెట్టి, కింద సంవత్సరం రాసేవాడు. "సంసారానికి పనికొచ్చే డబ్బుని బొమ్మల కొలువు పెడతాడు, ఈయన పిచ్చి తగలెయ్యా!" అని వాళ్ళావిడ నెత్తి కొట్టుకునేది.

అన్ని బిళ్ళల్లోకీ వాడికి మూడు పైసల బిళ్ళంటే ప్రాణం. నువ్వు చూళ్ళేదు కదూ? తెల్లగా, తేలిగ్గా, ఆరు మూలలతో ముద్దొచ్చేది. ఆ బిళ్ళల అట్టలో గూళ్ళన్నీ నిండాయి, ఒక్క అరవై తొమ్మిది తప్ప.

వాడికి కావలసిందే ఆ అరవై తొమ్మిది. ఎందుకంటావా? ఆ ఏడు వాణ్ణి బళ్ళో వేసిన రోజున వాళ్ళ నాన్న కొత్త మూడు పైసల బిళ్ళ ఒకటి తెచ్చి చేతిలో పెట్టాడు. వీడు దాన్ని ఒకరోజు దాచాడు. రెండ్రోజులు దాచాడు. మూడో రోజు నోరు ఊరుకోక, బడి గుమ్మంలో జీళ్ళమ్మే తవిటమ్మకి ఇచ్చేసి ఒక జీడి కొనుక్కున్నాడు. బెల్లం పాకాన్ని మేకుకి తగిలించి లాగి లాగి ముక్కలు చేస్తారే, ఆ జీడి. ఆ వానాకాలంలోనే వాళ్ళ నాన్న జ్వరమొచ్చి పోయాడు. నాన్న ఇచ్చినదంటూ వాడికి మరేమీ మిగల్లేదు. అప్పట్నుంచీ ఆ బిళ్ళ కోసం వెతుకుతూనే ఉన్నాడు పిచ్చినాయన.

అలా ఉండగా చిన్న బిళ్ళలకి గడ్డు రోజులొచ్చాయి. మొదట కిళ్ళీకొట్టువాడు మూడు పైసలు వద్దన్నాడు. తర్వాత కూరలమ్మేవాళ్ళు వద్దన్నారు. ఆ తర్వాత అడుక్కునేవాళ్ళు కూడా "నీకాడే ఉంచుకో బాబూ" అని తిరిగిచ్చేశారు. అప్పుడు సర్కారువారు ఊరూరా చాటింపు వేయించారు. చిన్న బిళ్ళలు ఇక చెల్లవు, పట్నంలో బ్యాంకుకి తెచ్చి మార్చుకోండి, అన్నీ కరిగించేస్తాం, ఇవ్వాళ మధ్యాహ్నం రెండింటిదాకే గడువు!

ఇంకేముంది? ఊరు ఊరంతా లేచింది. ఒకావిడ పోపులడబ్బా తెచ్చింది, ఒకాయన పంచె కొంగు మూట కట్టుకుని వచ్చాడు, పిల్లలు మట్టి హుండీలు చంకన పెట్టుకుని ఎక్కారు. బస్సు కదిలితే చాలు, గలగల గలగల! గౌరునాయుడికి ఒళ్ళంతా పులకరించిపోయింది. ఇన్నాళ్ళూ బిళ్ళ కోసం వాడు తిరిగాడు, ఇవ్వాళ బిళ్ళలే బస్సెక్కి వచ్చాయి.

చిట్టచివర తవిటమ్మ ఎక్కింది. ముగ్గుబుట్ట లాంటి తల, నడుం వంగిపోయింది. చంకలో ఇన్నాళ్ళూ ఎవరికీ చూపించని ఒక కుండ, కుండ మూతికి గుడ్డతో వాసెన.

"బాబూ గౌరూ, పాకం మూకుడు సిల్లడిపోనాది. ఈ డబ్బులు మార్సి కొత్త మూకుడు కొనాల. నేకపోతే మరి జీళ్ళూ నేవు, నాకు కూడూ నేదు" అంది.

"నువ్వు కూకో అవ్వా, నేనున్నానుగా!" అన్నాడు గౌరునాయుడు.

దారిలో ముందు మేకలమంద అడ్డొచ్చింది. తర్వాత గడ్డిబండి అడ్డొచ్చింది. ఆ తర్వాత రైలు గేటు పడింది. గూడ్సు బండి, ఒక పట్టాన తెమిలేది కాదు. అప్పుడు గౌరునాయుడు విజిలు ఊది గట్టిగా అరిచాడు.

"అమ్మల్లారా, అయ్యల్లారా! అరవై తొమ్మిది మూడు పైసల బిళ్ళ ఎవరికి దొరుకుతుందో, వాళ్ళకి నెల్లాళ్ళు టిక్కెట్టు నాది!"

అంతే! ఒళ్ళో పోసుకున్నవాళ్ళు, సీట్ల మీద పరిచినవాళ్ళు, కళ్ళజోడు కోసం పక్కవాణ్ణి పీక్కుతిన్నవాళ్ళు! "అరవై ఐదు!" "అరవై ఎనిమిది!" "దొరికింది, అరవై తొమ్మిది!" అని ఒక పిల్ల గెంతింది. గౌరునాయుడు ఒక్క దూకు దూకాడు. తీరా చూస్తే అది రెండు పైసల బిళ్ళ. గూడ్సు బండి వెళ్ళిపోయింది, గేటు లేచింది, బిళ్ళ మాత్రం దొరకలేదు.

ఇక మిగిలింది తవిటమ్మ కుండ ఒక్కటే. బడిపిల్లల డబ్బులన్నీ చేరింది అందులోకే కదా! గౌరునాయుడు గబగబా వాసెన విప్పాడు. లోపల బిళ్ళలు తళతళ మెరిసిపోతున్నాయి. ఒకటి తీశాడు, నున్నగా ఉంది. ఇంకొకటి తీశాడు, నున్నగా ఉంది. మూడోదీ అంతే. బొమ్మ లేదు, అంకె లేదు.

"అవ్వా, వీటి మీద అంకెలేవీ?"

"ప్రెతీ సుక్కురారం బూడిదెట్టి, కొబ్బరి పీసుతో తోమీసినాను బాబూ. లచ్చిందేవి కదా, మురిగ్గా ఉంచీగలమేటి?" అంది తవిటమ్మ గొప్పగా.

గౌరునాయుడికి ఏడుపొక్కటే తక్కువ. "ఎంత పని చేశావే అవ్వా, మా నాన్న ఇచ్చిన బిళ్ళ నీకే ఇచ్చానే" అని తన సీట్లో కూలబడ్డాడు.

బ్యాంకుకి చేరేసరికి ఇంకా గంటే ఉంది. అందరి డబ్బులూ మార్చారు. తవిటమ్మ వంతు రాగానే కౌంటర్లో గుమాస్తా మొహం చిట్లించాడు.

"ఇవి నాణేలా, రేకుముక్కలా? బొమ్మ లేని దాన్ని నేను తీసుకోను, పట్టుకుపో" అన్నాడు.

తవిటమ్మ కుండని రెండు చేతుల్తో కావలించుకుని అక్కడే నేలమీద కూర్చుండిపోయింది. అది చూసేసరికి గౌరునాయుడికి తన బాధ ఎటు పోయిందో! జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చాడు.

"అయ్యా, ఇవి ముమ్మాటికీ మూడు పైసల బిళ్ళలే. నా కళ్ళకి గంతలు కట్టండి, నిరూపిస్తాను!"

గుమాస్తాకి సరదా పుట్టింది, గంతలు కట్టించాడు. మొదట బిళ్ళలు చేతిలో పెట్టాడు. గౌరునాయుడు వేళ్ళతో తడిమి, "ఇది నలుపలక, అయిదు పైసలు. ఇది అంచు వంకీలది, రెండు. ఇది ఆరు మూలలది, అవ్వది, మూడు!" అన్నాడు. తర్వాత బల్లమీద పడేశాడు. చప్పుడు విని, "ఇది రూపాయి, ఇది పావలా, ఇది అవ్వది!" అన్నాడు. జనం చప్పట్లే చప్పట్లు!

గుమాస్తా మాత్రం దిగి రాలేదు. "ఆరు మూలలుగా రేకుని ఎవడైనా కత్తిరిస్తాడు. వెళ్ళండి, రెండవుతోంది" అన్నాడు.

అప్పుడు గౌరునాయుడికి చటుక్కున నాన్న గుర్తొచ్చాడు. బళ్ళో వేసిన ఆ సాయంత్రం చెంబు నిండా నీళ్ళు పోసి, "ఇటు సూడరా" అంటూ కొత్త బిళ్ళని నీళ్ళమీద పడుకోబెట్టాడు నాన్న. బిళ్ళ ఆకులాగా తేలింది. గౌరునాయుడు గంతలు పీకేసి, గుమాస్తా తాగే గాజు గ్లాసు ముందుకు లాగాడు.

"రేకుముక్కయితే మునుగుతుంది. మూడు పైసల బిళ్ళ తేలుతుంది, చూడండి!"

ఒక బిళ్ళ వేశాడు, తొందరలో ఏటవాలుగా పడి బుడుంగున మునిగింది. రెండోది వేశాడు, అదీ మునిగింది. గుమాస్తా నవ్వాడు. తవిటమ్మ కళ్ళు మూసుకుంది. మూడో బిళ్ళని గౌరునాయుడు ఊపిరి బిగబట్టి, రెండు వేళ్ళతో, పసిబిడ్డని ఉయ్యాల్లో వేసినట్టు వేశాడు.

తేలింది! తేలింది తల్లీ! బస్సు జనమంతా ఒక్కసారి ఈలలు!

ఆ గోలకి లోపల్నుంచి మేనేజరుగారు పరిగెత్తుకొచ్చారు. నెరిసిన మీసాలు, పెద్దమనిషి. గ్లాసు చూసి, "జరగండి జరగండి, నేనొకటి వేస్తా! చిన్నప్పుడు మా బళ్ళో ఈ ఆటలో నేనే ఫస్టు" అని చొక్కా చేతులు పైకి మడిచారు. ఆయనదీ తేలింది. "తీసుకోవయ్యా, ఇవి మూడు పైసలు కాకపోతే నేను మేనేజర్నే కాను. నా సర్వీసులో ఇంత శుభ్రమైన డబ్బు ఇప్పుడే చూస్తున్నా!" అన్నారు. గుమాస్తా కుండ అందుకున్నాడు. అప్పుడు గడియారం రెండు కొట్టింది.

తవిటమ్మ గ్లాసులో తేలుతున్న బిళ్ళల్లో ఒకటి తీసి, కొంగుతో తుడిచి, గౌరునాయుడి అరచేతిలో పెట్టింది.

"నాయినా, మీ అయ్య నీకిచ్చినది ఇదేనో కాదో నాకు తెల్దు. గానీ పిల్లలిచ్చిన బిళ్ళ ఒక్కటీ నాను కరుసు సెయ్యనేదు. నీదీ ఈ కుండలోనే ఉన్నాది. ఇదే నీదనుకో."

గౌరునాయుడికి కళ్ళ వెంట నీళ్ళు జలజలా రాలాయి. నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆ తర్వాత తవిటమ్మకి కొత్త మూకుడు వచ్చింది. మర్నాడు బడి గుమ్మంలో జీళ్ళూ వచ్చాయి.

ఇంటికెళ్ళి గౌరునాయుడు ఆ బిళ్ళని ఖాళీ గూట్లో పెట్టాడు. పెన్ను తీసి, అరవై తొమ్మిది కింద ఇంకో ముక్క రాశాడు. "తవిటమ్మ కడిగింది" అని. అట్ట చూడ్డానికి ఎవరొచ్చినా అంకెలున్న బిళ్ళల్ని వదిలేసి ముందు ఆ నున్నటి బిళ్ళనే అడిగేవాళ్ళు. వాడు ఆ కథంతా చెప్పి, చివర్లో ఛాతీ విరుచుకుని, "మా నాన్న ఇచ్చింది" అనేవాడు.

జీడి పోయె నోటికి,
బిళ్ళ పోయె గూటికి,
కథ పోయె కంచికి,
కునుకు వచ్చె కంటికి.