గుండు నెత్తిన గుండు

ఒకప్పుడు, పిల్లలూ, పట్నం పక్క గుట్టల మీద గుండ్లన్నీ, అంటే పెద్ద పెద్ద బండరాళ్లన్నీ, నేలనే ఉండేవి. ఒక గుండు మీద ఇంకో గుండు ఎక్కేది కాదు. మేతమేసి వచ్చిన బర్రెల్లాగా దేనికది పడుకునేవి. ఏది ముందు జరిగిందో ఏది వెనక జరిగిందో నేను తారుమారు చేస్తానేమో. చేస్తే చేశాను, వినండి.

పట్నం అప్పుడే పెరుగుతోంది. దానికి ఆకలెక్కువ. కోటకు రాయి, మేడకు రాయి, వంతెనకు రాయి. ఒక గుట్ట తినేసి ఇంకో గుట్ట మీద పడేది. చివరికి నెమలిగుట్ట ఒక్కటే మిగిలింది.

ఆ గుట్ట నడినెత్తిన ఒక దొన ఉండేది. దొనంటే రాతిగుంట. వానకు నిండితే ఎండలు ముదిరినా ఎండేది కాదు. నెమళ్లకూ తొండలకూ మేకలకూ, రాళ్లు కొట్టేవాళ్ల పిల్లలకూ ఆ నీళ్లే.

రాళ్లు కొట్టేవాళ్లలో ఈరవ్వ పెద్దది. సుత్తెతో రాయిని ఒక్కసారి తట్టి, మోత విని, ఎక్కడ పగులుతుందో చెప్పేది. ఆమె చెప్పందే ఎవరూ ఉలి పెట్టేవారు కాదు. నెమలిగుట్ట దగ్గరికొచ్చేసరికి ఆమె చెయ్యి లేవలేదు.

"గుట్ట పోతే దొన పోతది. ఇంక ఏం తాగాలె, రాళ్లపొడి కలుపుకుని తాగాల్నా?" అంది.

"పని పోతే ఏం తినాలె అత్తా?" అన్నాడు మేనల్లుడు తిప్పయ్య. అదీ నిజమే.

ఈరవ్వ దొనకు పోయి, నీళ్లకుండ నెత్తిన పెట్టుకుని వచ్చింది. తిప్పయ్య అప్పటికీ అరుస్తూనే ఉన్నాడు. కుండ కనబడగానే టక్కున నోరు మూశాడు. ఎదురెళ్లి, "దించమంటవా అత్తా?" అని మెల్లగా అడిగాడు. ఆమె "ఊఁ" అన్నాకే కుండ దించాడు. దించిన మరుక్షణం మళ్లీ అరుపు అందుకున్నాడు.

పక్కనే ఉన్న బుడిపెగుండుకు వింతనిపించింది. గుట్ట మొత్తంలో అదే చిన్నది.

"అవ్వా, నడుమ ఎందుకు ఆగిండు?"

"మా కట్టుబాటు బిడ్డా. నెత్తిన బరువున్నవాళ్లను కొట్టగూడదు, తిట్టగూడదు. వాళ్లు దించమంటేనే దించాలె."

బుడిపెగుండు ఆలోచనలో పడింది.

మధ్యాహ్నం అందరూ జొన్నరొట్టెలు తిని వేపచెట్టు కింద నడుం వాల్చారు. బుడిపెగుండు పక్కనున్న బానగుండును పిలిచింది. బానగుండు పొట్ట ఏనుగంత.

"అన్నా, నా నెత్తినెక్కు."

"నేనా? పిండైపోతవురా!"

"పొద్దుగూకేలోపు ఎట్లాగూ పిండే గదా! ఎక్కు!"

బానగుండు కదిలింది. వెనక నుంచి మేకలు కొమ్ములతో నెట్టాయి. తొండలు తలలూపుతూ "ఇటు, ఇటు, కొంచెం అటు" అన్నాయి. అది ఎక్కి కూర్చుంది. ఒక్కసారి ఊగింది. నిలిచింది! అది చూసి గుట్టంతా లేచింది. గుండు మీద గుండు, దాని మీద ఇంకో గుండు.

నిద్రలేచిన వాళ్ల చేతుల్లో సుత్తెలు అలాగే ఉండిపోయాయి. పట్నంలో కోట కట్టిస్తున్న దొర పంపిన మనిషి గుర్రమెక్కి వచ్చాడు.

"చూస్తారేం? కొట్టండి!"

"నెత్తిన బరువుంది దొరా," అన్నాడు తిప్పయ్య.

"రాళ్లకు నెత్తేంట్రా! దించి కొట్టండి!"

ఈరవ్వ బుడిపెగుండు ముందుకెళ్లి అడిగింది. "దించమంటవా బిడ్డా?"

"వద్దు."

మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ అదే మాట.

"ఎన్నాళ్లు మోస్తావే, పిడికెడు రాయీ!" అని దొర మనిషి వెక్కిరించాడు.

"నీ పట్నం ఉన్నన్నాళ్లు. దాని తర్వాత కూడా."

అతను కోపంతో తనే సుత్తె లాక్కుని దూకాడు. ఈరవ్వ ఒక రాతిపలక ఎత్తి తన నెత్తిన పెట్టుకుంది. బుడిపెగుండుకు అడ్డంగా నిలబడింది. "ఇగ కొట్టు," అంది.

తిప్పయ్య ఒక్క క్షణం అత్తను చూశాడు. తర్వాత తనూ ఒక రాయి నెత్తికెత్తుకున్నాడు. ఆడవాళ్లు ఎత్తుకున్నారు. పిల్లలు గులకరాళ్లు ఎత్తుకున్నారు. గుట్ట కింద మనుషుల గుట్ట నిలబడింది. దొర మనిషి అరిచి అరిచి, గొంతు పోయి, గుర్రమెక్కి వెళ్లిపోయాడు.

తిప్పయ్యవాళ్లు పస్తులుండలేదు. పాత గుట్టల దగ్గర పగిలి పడున్న రాళ్లతో రోళ్లూ విసుర్రాళ్లూ చేసి, పట్నానికే అమ్ముకు బతికారు.

ఇప్పుడు ఆ గుట్టకు కంచె వేసి, ముట్టుకోవద్దని బోర్డు పెట్టారు. మంచిదే. ఆ మాట బుడిపెగుండు ఎప్పుడో చెప్పింది.

అప్పటినుంచే మన గుట్టల మీద గుండు నెత్తిన గుండు నిలబడి ఉంటుంది. గాలి రెండు గుండ్ల సందులో దూరి "దించమంటవా?" అని అడుగుతూనే ఉంటుంది. చిన్న గుండు ఇంతవరకూ "ఊఁ" అనలేదు.

ఇదంతా కాగితం మీద రాస్తున్న చెల్లీ సుభద్రా, పేర్లు నువ్వొకసారి సరిచూడు. అతను తిప్పయ్యో తిమ్మయ్యో, ఆమె ఈరవ్వో వీరవ్వో. గుండు మాత్రం "వద్దు" అనే అంది. అది దిద్దకు.