గాలికి బారసాల

ఒకప్పుడు, ప్రభవ నామ సంవత్సరం వసంతంలో, గాలికి సొంత వాసన ఉండేది. తియ్యటి, తడితడి వాసన. గాలికి పేరే లేదు!

పేరు పెట్టి పిలిస్తేనే కదా యజ్ఞంలో నెయ్యి పడేది! తమ్ముడు అగ్ని రోజూ మూతి తుడుచుకుంటూ వచ్చి, "ఏం అన్నయ్యా, ఇవాళా పస్తేనా?" అని వెక్కిరించేవాడు.

గాలికి ఒళ్లు మండింది. "అమ్మా, నాకూ బారసాల చెయ్యి!" అని ఆకాశమ్మ కొంగు పట్టుకుని ఊపాడు. మబ్బులన్నీ జారిపోయాయి.

ఆకాశమ్మ బ్రహ్మయ్య తాతను పిలిచింది. పళ్లెం నిండా బియ్యం పోసింది. అందులో పేరు రాసి చెవిలో ముమ్మారు చెప్పాలి. తాత బంగారు ఉంగరంతో ఒక్క గీత గీశాడో లేదో, గాలికి చక్కిలిగింత పుట్టింది. కిసుక్కున నవ్వాడు. బుస్సుమని బియ్యం లేచింది! సగం తాత గడ్డంలో, సగం ఆకాశమ్మ సిగలో.

"కదలకురా నాయనా!"

"కదలట్లేదు తాతా, నవ్వుతున్నానంతే!"

మళ్లీ పోశారు. మళ్లీ లేచింది. తాత తుమ్మాడు. బస్తా ఖాళీ!

"నీ పేరు బియ్యంలో నిలవదురా," అన్నాడు తాత గడ్డం దులుపుకుంటూ. "పోయి ఏదైనా పని చెయ్యి. ఆ పనే నీ పేరవుతుంది."

గాలి కిందికి దూకాడు. కొండ అంచున అడవిమల్లె ఏడుస్తోంది.

"ఇంత పూశాను, ఒక్క తేనెటీగా రాదు. సాయంత్రానికి వాడిపోతాను. నేనిక్కడున్నానని ఎవరు చెబుతారు?"

"నేను చెబుతా! నీ వాసన నా వీపు మీద ఎక్కించు!"

తీరా తీసుకెళ్తే తేనెటీగ ముఖం చిట్లించింది. "ఇది మల్లె వాసనా, నీ వాసనా? రెండూ కలిసి ఏదీ తెలియట్లేదయ్యా!"

గాలి పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆగి ఆలోచించాడు. తన వాసన తనకు ముద్దే. కానీ పొద్దు వాలుతోంది.

"భూదేవత్తా, నా వాసన నువ్వు తీసుకో!"

"మట్టిలో కలిసింది తిరిగి రాదురా అల్లుడూ!"

"రాకపోతే పోనీ!" అని ఒలకబోసి, ఒట్టి మల్లె వాసనతో పరుగెత్తాడు. జుమ్మంటూ తేనెటీగల దండు బయల్దేరింది. మల్లె నవ్వింది.

పైనుంచి తాత కేకేశాడు. "గంధవహా! వాసనలు మోసేవాడా! గంధవహా! గంధవహా!"

ఆ రోజు యజ్ఞంలో తొలి నేతిచుక్క గాలిదే. మోసుకొచ్చి ఇచ్చింది తమ్ముడు అగ్నే!

అప్పటినుంచే గాలి మల్లె వాసనైనా, ఇంగువ పోపైనా, ఎండుచేపలైనా కాదనకుండా మోస్తున్నాడు. తొలకరికి మట్టి కమ్మగా వాసనేస్తుంది. గాలికి మాత్రం సొంత వాసన లేదు.