ఎనిమిదో రంగు

మీ తాతల తాతలు కూడా ఇంకా పుట్టని రోజుల్లో, అనగనగా వేగవతి అని ఒక నది ఉండేది. ఆ నది ఒడ్డున ఒక ఊరు, ఆ ఊళ్ళో రాజుగారి ఆరోగ్యశాల. రాజుగారి నాయనమ్మ పెద్దరాణి కట్టించిందది. ఎక్కడెక్కడి రోగులో బండ్లు కట్టుకుని అక్కడికి వచ్చేవారు.

అక్కడ ఒక ఆచారం ఉండేది. జాగ్రత్తగా వినండి, కథంతా దాని మీదే నడుస్తుంది. రోగి రాగానే మంచం కోడుకి ఒక రంగుదారం కట్టేవారు. అదే రంగు దారానికి, ఆ రోజు పట్టాల్సిన మందుకి పూటకొకటి చొప్పున ముళ్ళు వేసి, పరిచారిక తన మణికట్టుకి కట్టుకునేది. మందు పట్టాక ఒక ముడి విప్పేది. దారాలు ఏడు రంగులు, ఒక్కో పరిచారికకి ఏడుగురు రోగులు. ఎనిమిదో దారం కట్టకూడదని పెద్దరాణి శాసనం.

ఆ దారాలకి రంగు అద్దేవాడు చెంగల్రాయుడు. ఊరి సభకి పెద్ద కూడా ఆయనే. మోచేతుల దాకా ఆయన చేతులు ఎప్పుడూ నీలంగా ఉండేవి. అద్దకంలో తనంతవాడు లేడని కొంచెం గర్వం. ఉండదూ మరి!

ఏళ్ళు గడిచాయి. ముసలివాళ్ళయిన పరిచారికలు ఒక్కొక్కరే పని మానుకున్నారు. వాళ్ళ చోట కొత్తవాళ్ళని కోశాధికారి నరహరి పెట్టలేదు. ఇరవై మంది చేసే పని తొమ్మిది మంది మీద పడింది. జీతానికి కొలిచే ధాన్యం మాత్రం పెద్దరాణి కాలం నాటిదే. పెద్ద పరిచారిక గంగులమ్మ పగలంతా రోగులకి సేవ చేసి, ఇంటికెళ్ళి పొరుగువాళ్ళకి పిండి విసిరిపెట్టేది. అలా అయితేగాని పిల్లలకి అంబలి దొరికేది కాదు.

మనుషుల్ని పెట్టమని, ధాన్యం పెంచమని గంగులమ్మ మూడుసార్లు నరహరి దగ్గరికి వెళ్ళింది.

మొదటిసారి, "కోతలు కానివ్వు, చూద్దాం" అన్నాడు.

రెండోసారి, "పెద్దరాణి శాసనం పాతబడింది. రోగులు ఎక్కువైతే రంగులు పెంచుదాం, మనుషులెందుకు?" అని చెంగల్రాయుణ్ణి పిలిపించాడు. ఆయన పది రోజులు రంగు కుండల దగ్గర కూర్చుని, లేతెరుపు, ముదురెరుపు, లేతనీలం, ముదురునీలం అంటూ ఏడు రంగుల్ని పద్నాలుగు చేశాడు. నరహరి మురిసిపోయి ఆయనకి పట్టుశాలువా కప్పాడు. ఆ శాలువాతో వీధిలో నడుస్తుంటే గంగులమ్మ ఎదురొచ్చి, "అయ్యా, రంగులు మీరిచ్చారు. చేతులెవరిస్తారు నాకు?" అంది. ఆయన నవ్వి ఊరుకున్నాడు.

మూడోసారి వెళ్తే నరహరి, "చేతకాకపోతే మానుకో" అన్నాడు.

ఆ ఏడు వానాకాలం ఊరంతా జ్వరాలు. చెంగల్రాయుడి భార్య నాంచారమ్మకీ వచ్చింది. ఆమె మంచానికి ముదురునీలం దారం కట్టారు, పక్క మంచానికి లేతనీలం. బయట ముసురు పట్టి, లోపల చూపు ఆనని మసక. గంగులమ్మ చేతికి పద్నాలుగు దారాలు. లేతనీలం ముడి విప్పి ఉండటం చూసి, నాంచారమ్మకి మందు పట్టేశాననుకుని దాటిపోయింది. పొద్దునా అంతే, మధ్యాహ్నమూ అంతే, సాయంత్రమూ అంతే. పొద్దు వాలే వేళ కిటికీ దగ్గర చెయ్యి చూసుకుంటే ముదురునీలానికి మూడు ముళ్ళూ అలాగే ఉన్నాయి. పరిగెత్తింది. అప్పటికే నాంచారమ్మ ఒళ్ళు చల్లబడింది.

చెంగల్రాయుడు ఉరికొచ్చాడు. "నా నాంచారిని చంపేశావు కదే!" అని అరిచాడు.

గంగులమ్మ దాక్కోలేదు. నేల మీద కూలబడి చెయ్యి చాపింది. "తప్పు నాదేనయ్యా. ఏ శిక్ష వేసినా పడతాను. ఈ చేతి మీద మీ ఇంటావిడ దారం ఏదో ఒక్కసారి చూపించండి."

తన చేత్తో అద్దిన రంగు, తనకి తెలీదా? ఆయన ఒక దారం పట్టుకున్నాడు.

"అది కాదయ్యా," అంది గంగులమ్మ ఏడుస్తూ. "అది లేతనీలం."

చెంగల్రాయుడు మూడు ముళ్ళ దారం విప్పించుకుని, దాన్ని గుప్పిట్లో పెట్టుకుని ఇంటికి వెళ్ళిపోయాడు.

మర్నాడు తొమ్మిది మంది పరిచారికలూ ఆరోగ్యశాల గుమ్మం ముందు కూర్చున్నారు. "ఏడు దారాలకి మించి కట్టం. కొత్తవాళ్ళని పెట్టాలి, ధాన్యం పెంచి కొలవాలి. అందాకా పని ముట్టం. ప్రాణం మీదికొచ్చిన వాళ్ళ దగ్గర మాత్రం వంతులవారీగా ఇద్దరం ఉంటాం" అన్నారు.

ఊరి సభ ముద్ర లేకుండా పరిచారికల్ని తీసెయ్యడానికి వీల్లేదు. అందుకని నరహరి చెంగల్రాయుడి గడప తొక్కాడు.

మొదటిరోజు కళ్ళు తుడుచుకుంటూ, "రాయుడుగారూ, మీ ఇల్లాలిని పొట్టన పెట్టుకున్న ఆ గంగులమ్మని వెళ్ళగొడదాం. ముద్ర వెయ్యండి, తక్కినవాళ్ళు దారికొస్తారు" అన్నాడు.

"ఎనిమిది మందే మిగుల్తారు కదా. ఆమె దారాలు ఎవరి చేతికి కడతారు?" అని అడిగాడు చెంగల్రాయుడు.

రెండోరోజు కోటలోని అద్దకమంతా ఆయనకే రాసిస్తానన్నాడు.

"మొన్నటి శాలువాయే మొయ్యలేకపోతున్నాను, పట్టుకెళ్ళండి."

మూడోరోజు భటులతో వచ్చాడు. "రేపటికి ముద్ర పడకపోతే ఊరి సభే ఉండదు" అని వెళ్ళిపోయాడు.

సభలో అయిదుగురు కూర్చున్నారు. ఒకాయన ఉండబట్టలేక, "రాజుగారితో మనకెందుకయ్యా తగువు? పోయింది నీ భార్య, నీకే కోపం లేదా?" అన్నాడు.

"ఎందుకు లేదు? గంగులమ్మ మీద ఉంది, నరహరి మీద ఉంది. అందరికన్నా వీటి మీద ఎక్కువ ఉంది," అని చెంగల్రాయుడు తన నీలం చేతులు చాపాడు. "మనిషిని అడిగితే నేను రంగిచ్చాను. గంగులమ్మ వద్దంటూనే ఉంది, నేను నవ్వాను. నా నాంచారి ఎలాగూ తిరిగిరాదు. రేపు మీ ఇంట్లోవాళ్ళు ఆ మంచం మీద పడుకుంటారు."

సభవాళ్ళు ముద్ర తీశారు. ఊరి సభ పరిచారికల పక్షాన ఉందని రాసి, దాని మీద వేశారు. ఊరి గాదె తెరిచారు. గుమ్మం ముందు పందిరి వేసి గంజి కాచారు. వీధికి పదిమంది చొప్పున వెళ్ళి రోగులకి విసనకర్రలతో విసిరారు, నీళ్ళు మోశారు. మందులు మాత్రం లోపలి ఇద్దరు పరిచారికలే పట్టారు. తేలికేం కాదర్రా, తిట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. అయినా తొమ్మిది రోజులు ఊరు నిలబడింది.

పదోరోజు నరహరిని వెంటబెట్టుకుని రాజుగారే వచ్చాడు. ఊరు తిరగబడిందని నరహరి చెప్పాడు మరి. తీరా వస్తే ఊరిపెద్ద గంగులమ్మకి గంజి పోస్తూ కనిపించాడు.

"నీ భార్య ఈమె చేతిలోనే పోయిందట కదా?" అన్నాడు రాజు.

"లోపలికి రండి ప్రభూ, చూపిస్తాను."

ఇంకా వదలని ముసురు మసకలో పద్నాలుగు దారాలు నరహరి మణికట్టుకి కట్టించి, "ముదురునీలం తీయండి" అన్నాడు చెంగల్రాయుడు. నరహరి తడుముకుని తడుముకుని ముదురాకుపచ్చ తీశాడు. రాజు వంగి, తేరిపార చూసి, లేతనీలం తీశాడు.

"నేనూ ఆ రోజు అదే తీశాను ప్రభూ. అద్దినవాణ్ణి నేనే!" అని గుప్పిట విప్పాడు చెంగల్రాయుడు. "ముదురునీలం ఇది. ఈ మూడు ముళ్ళూ నా భార్య నోట పడని మూడు పూటల మందు."

రాజు ఆ దారాన్ని చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత నరహరి వేలినుంచి కోశాగారపు ఉంగరం తీయించాడు. నెల తిరక్కముందే పదకొండు మంది కొత్త పరిచారికలు వచ్చారు. ధాన్యం రెట్టింపు కొలిచారు. చెంగల్రాయుడు ఏడు కుండలుంచుకుని తక్కిన ఏడూ మట్టిలో పారబోశాడు.

రాజు తిరిగిచ్చిన మూడు ముళ్ళ దారాన్ని గంగులమ్మ ఆరోగ్యశాల ద్వారబంధానికి కట్టింది. ఆమె బతికున్నన్నాళ్ళూ దాన్ని తాకి కళ్ళకద్దుకోకుండా లోపల అడుగుపెట్టలేదు. ఆ పక్కనే ఊరి సభ ఒక మాట చెక్కించింది:

మన ప్రాణం కాచే చేతులకి మొయ్యగలిగినంత పనీ, కడుపు నిండే కూలీ ఇవ్వాలి. అవి అలిసిపోయి అడిగిన రోజున ఊరు వాటి పక్కన నిలబడాలి.