మడేలయ్య పెట్టిన ఓండ్ర

చిదంబరయ్యగారిని ఏదైనా అడిగితే తిన్నగా జవాబు రాదు. అడిగినవాడికి ఓపిక ఉండాలి, అంతే. ఆ రోజు శిష్యుడు వరహాలు అడిగింది మాత్రం ఆషామాషీ ప్రశ్న కాదు. పోలమ్మ మొగుడు వేటకని సముద్రం మీదికి వెళ్లి మూడేళ్లయింది. ఆవిడ ప్రతి శుక్రవారం ఆశ్రమానికి వచ్చి, "వస్తాడా బాబూ?" అని వరహాలునే అడుగుతోంది.

"వస్తాడని చెప్పేస్తే తప్పేముందండీ? ఆ మాట పట్టుకుని బతుకుతుంది కదా" అన్నాడు.

గురువుగారు విసనకర్ర పక్కన పెట్టారు.

"కాషాయం కట్టకముందు నేనొక జమీందారు జంతుశాలలో గడ్డి కోసేవాణ్ణి. అక్కడ కచ్ ఉప్పునేలల నుంచి తెచ్చిన అడవి గాడిదల జంట ఉండేది. ఇసుక రంగు ఒళ్లు, వీపు మీద నల్లటి చార. ఆడది చచ్చిపోయింది. అరుదైన జాతి, ఇంకోదాన్ని తెప్పిద్దామంటే దొరకలేదు. మగది మేత ముట్టడం మానేసింది. దాన్ని చూసుకునే మడేలయ్య చాకళ్లింటి మనిషి, గాడిదల మధ్యే పెరిగాడు. వాడు ఓండ్ర పెడితే రేవులో గాడిదలన్నీ బదులు పలికేవి. ఒకనాడు గోడ అవతలికి వెళ్లి ఆడగాడిదలా ఓండ్ర పెట్టాడు.

"అది చెవులు రిక్కించింది. బదులు పలికింది. ఆ పూట మేత తింది. ఇక రోజూ వాడికి అదే పని. నువ్వు దేవుడివిరా అని నేనే అన్నాను.

"నెల తిరిగేసరికి అది గోడను వదలడం మానేసింది. మేత అక్కడికే తెచ్చి పెట్టినా చూడదు. గోడను గుద్ది గుద్ది రొమ్మంతా పుండు చేసుకుంది. భయపడి మడేలయ్య మానేశాడు. మానేస్తే పగలంతా పిలిచేది. గొంతు పోయాక కూడా నోరు తెరిచి పిలిచేది. చూడలేక మళ్లీ పలికాడు. పలికితే మళ్లీ గోడ మీద పడింది."

"చివరికి ఏమైందండీ?"

"ఏముంది, గోడకు మొహం పెట్టి పోయింది. మడేలయ్య అవతల ఇంకా పలుకుతూనే ఉన్నాడు. 'ఇక ఆపరా, అది పోయింది' అని నేనే వెళ్లి చెప్పాను."

వరహాలు "అయితే పోలమ్మకు రాడనే చెప్పమంటారా?" అన్నాడు.

"చెబితే మాత్రం బతుకుతుందని నేననలేదు నాయనా" అన్నారు గురువుగారు. "ఆ గాడిద కోసం మేం చెయ్యనిది లేదు. దాని పక్కన మాత్రం ఒక్కరమూ నిలబడలేదు."