ముందే కుట్టిన అంకె

"నూకరాజూ! ఓరి నూకరాజూ! ఎక్కడున్నావురా?"

తవిటయ్య మాస్టారు జనంలో మెడ చాచి వెతుకుతున్నాడు. భీమిలి బీచ్ రోడ్డు ఆ ఉదయం తిరునాళ్ళలా ఉంది. మారథాన్ పరుగు ముగిసే చోట రంగు జెండాలు కట్టారు. పరిగెత్తి వచ్చినవాళ్ళు కొందరు గట్టు మీద కూలబడ్డారు. కొందరు ఇసకలో వెల్లకిలా పడుకుని ఆకాశం చూస్తున్నారు. నూకరాజు మాత్రం నీళ్ళ లారీ వెనక కూర్చుని, ఒళ్ళో మడతపెట్టి ఉన్న తెల్ల చొక్కా వైపు చూస్తున్నాడు. పిలుపు వినిపిస్తూనే ఉంది. అతను లారీ చక్రం చాటుకి ఇంకాస్త జరిగాడు.

భీమిలి బజారులో తవిటయ్య టైలరింగ్ షాపులో మిషను తొక్కే నూకరాజు మంచివాడే గానీ, జరగబోయేదాన్ని జరిగిపోయినట్టే చెప్పుకునే అలవాటొకటి అతనికి ఉండేది. సైకిలు కొనాలని అనుకున్న రోజే కొనేశానని చెప్పేవాడు. ఈత నేర్చుకుందామని అనుకున్న రోజే ఈత వచ్చని చెప్పేవాడు. ఎవర్నీ మోసం చెయ్యాలని కాదు. కన్న కల అతనికి అంత దగ్గరగా కనిపించేది, చెయ్యి చాస్తే తగిలేంత దగ్గరగా.

ఏడాదిగా అతను రోజూ తెల్లవారకముందే లేచి సముద్రం పక్కన పరిగెత్తేవాడు. నలభై రెండు కిలోమీటర్లు నాలుగు గంటల లోపు పరిగెత్తాలని అతని కోరిక. ఆ మాట బజారంతా చెప్పాడు. అదే షాపులో ఎంబ్రాయిడరీ చేసే సత్యవేణికి మాత్రం ఇంకో మాట కూడా చెప్పాడు. పరుగు పూర్తయిన సాయంత్రమే మీ ఇంటికి వచ్చి మీ నాన్నని అడుగుతాను అన్నాడు. సత్యవేణి తల వంచుకుని సూదిలో దారం ఎక్కించబోయింది. మూడుసార్లు తప్పింది.

పరుగుకి వారం ముందు నూకరాజు తెల్ల చొక్కా ఒకటి తానే కుట్టుకుని ఆమెకు ఇచ్చాడు. గుండె దగ్గర 3:58, అంటే మూడు గంటల యాభై ఎనిమిది నిమిషాలు, అని కుట్టమన్నాడు. అంత సమయంలో పరుగు పూర్తి చేశాక వేసుకుని ఫోటో దిగుతానన్నాడు.

"ఇంకా పరిగెత్తలేదు కదా," అంది సత్యవేణి.

"పరిగెత్తేసినట్టే," అన్నాడు.

కొలత తియ్యకుండా గుడ్డకి కత్తెర తగిలించకూడదనేది ఆ షాపులో మాస్టారు పెట్టిన మొదటి నియమం. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అయినా ఆమె కుట్టింది. సముద్రపు రంగు దారం ఏరుకుని, సన్నటి గొలుసు కుట్టుతో, ఒక్క పోగు కూడా బయటికి రాకుండా కుట్టింది.

పరుగు ఉదయం ఐదింటికి మొదలైంది. మొదటి పదిహేను కిలోమీటర్లు నూకరాజు గాలిలో తేలినట్టు వెళ్ళాడు. నెమ్మదిగా వెళ్ళవయ్యా అని పక్కవాళ్ళు చెప్పినా వినలేదు. రుషికొండ దాటి వెనక్కి తిరిగాక ఎండ వీపు మీదికి ఎక్కింది. ముప్ఫయ్యో కిలోమీటరు దగ్గర పిక్కలు రాయిలా బిగిసిపోయాయి. చేపల బుట్ట దించుకుని రోడ్డు పక్కన నిలబడ్డ ఒక ముసలామె అతన్ని చూసి, కూలికి పోతున్నావా నాయనా ఇంత కష్టపడి అని అడిగింది. నవ్వబోతే ఏడుపు వచ్చింది. కాసేపు నడిచాడు. మళ్ళీ పరిగెత్తాడు. మళ్ళీ నడిచాడు. ఆగిపోదామని చాలాసార్లు అనుకున్నాడు గానీ ఆగలేదు. గీత దాటేసరికి అక్కడి పెద్ద గడియారం నాలుగు గంటల ముప్ఫై ఒక్క నిమిషం చూపించింది.

రోజంతా కూర్చుని మిషను తొక్కే మనిషి నలభై రెండు కిలోమీటర్లు తన కాళ్ళ మీద వచ్చాడు. అది ఎంత పెద్ద సంగతో అతనికి తోచలేదు. ముప్ఫై ఒక్క నిమిషాలే కళ్ళ ముందు ఆడుతున్నాయి.

లారీ వెనక అతను ఆ చొక్కా తొడుక్కున్నది ఎందుకో తర్వాత అతనే చెప్పలేకపోయాడు. ఒంటి మీది బనీను తడిసి ముద్దయింది, అందుకేనేమో. తొడుక్కుని లేచి నిలబడ్డాడు. అప్పుడే మాస్టారు అటు వచ్చాడు. షాపు తెరిచి వచ్చేసరికి ఆలస్యమైందిరా అంటూ దగ్గరికి వచ్చి, గుండె మీది అంకె చదివి, అనుకున్నది సాధించావన్నమాట అంటూ అతన్ని అమాంతం కౌగిలించుకున్నాడు.

నూకరాజు నోరు విప్పలేదు. చొక్కాయే అబద్ధం ఆడేసింది.

ఫోటో తీశారు. మాస్టారు దానికి ఫ్రేము కట్టించి కత్తెర బల్ల పైన తగిలించాడు. చొక్కాని కూడా గోడకి వేలాడదీశాడు. పరిగెత్తినవాళ్ళ సమయాల జాబితా ఎవరి ఫోన్‌లోనో వచ్చింది గానీ, చొక్కా మీదే ఉండగా ఇంకా వెతకడం ఎందుకని ఎవరూ చూడలేదు. "అంకె సరిపోయిందా?" అని సత్యవేణి నవ్వుతూ అడిగింది. "సరిగ్గా సరిపోయింది," అన్నాడు. ఆ మాట అన్నాక ఆమె కళ్ళలోకి చూడలేకపోయాడు.

ఆ సాయంత్రం ఆమె ఇంటికి వెళ్ళలేదు. మర్నాడూ వెళ్ళలేదు. అబద్ధం తొడుక్కుని ఆ గుమ్మం ఎక్కడానికి కాలు రాలేదు. సత్యవేణి మూడు వారాలు ఎదురుచూసింది. తర్వాత తన స్టూలు కిటికీ పక్కకి జరుపుకుని, అతనికి వీపు పెట్టి పని చేసుకోసాగింది.

ఇంతలో స్కూల్లో డ్రిల్లు మాస్టారు జోగారావు వచ్చాడు. వచ్చే నెల జరిగే పరుగులో నాలుగు గంటల జెండా నువ్వే పట్టాలి అన్నాడు. ఆ జెండా పట్టినవాడి వెనకాలే పరిగెత్తితే నాలుగు గంటలకి చేరిపోతామని జనం నమ్మకం. ఇరవైమంది పేర్లు కూడా ఇచ్చేశారట. శనివారం ఉదయం జెండా తెచ్చి ఇస్తానని చెప్పి వెళ్ళాడు. నూకరాజు తలూపాడు. ఊపిన తల ఆ రోజంతా బరువుగానే ఉంది.

శుక్రవారం మధ్యాహ్నం గౌరమ్మ అనే ఆవిడ జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చింది. కొలతకి ఆదిగా ఒక పాత జాకెట్టు ఇచ్చింది. మాస్టారు దాన్ని బల్ల మీద పరిచి చూశాడు, ఆవిడ వైపు చూశాడు.

"ఇది ఎప్పటిదమ్మా?"

"పెళ్ళయిన కొత్తలోది. తగ్గుతాను లెండి. దీనికే కుట్టండి."

"దీనికి కుడితే బ్రహ్మాండంగా ఉంటుందమ్మా. హేంగరు మీద."

సత్యవేణి ఫక్కున నవ్వింది. గౌరమ్మ కూడా నవ్వింది గానీ మొహం చిన్నబోయింది. అది చూసి మాస్టారు గొంతు తగ్గించాడు.

"టేపు ఎవర్నీ తిట్టదమ్మా. ఎంతుంటే అంతే చెప్తుంది. ఆ కొలతకి కుడితేనే నీకు ఊపిరాడుతుంది."

సత్యవేణి టేపు పెట్టి కొలిచి చెబుతుంటే నూకరాజు పుస్తకంలో రాసుకోవాలి. అతని చెయ్యి ఆగిపోయింది. నెల రోజులుగా తనకి ఊపిరాడనిది ఎందుకో అప్పుడు అర్థమైంది.

మర్నాడు అందరికంటే ముందే షాపుకి వచ్చాడు. గోడ మీది చొక్కా దించాడు. సన్న కత్తెర తీసుకుని ఆ అంకె కుట్లు ఒక్కొక్కటే విప్పసాగాడు. ఆ నీలం దారం అతని మోకాలి మీద చిన్న అలలా పోగుపడింది. దారం పోయింది గానీ సూది రంధ్రాలు మాత్రం గుడ్డ మీద ఉండిపోయాయి, ఆ అంకెలాగే.

తలెత్తేసరికి గుమ్మంలో సత్యవేణి నిలబడి ఉంది. ఆమె వెనకే మాస్టారు, చంకలో జెండాతో జోగారావు. ఆమె ఆ దారం వైపే చూస్తోంది.

"మా ఇంటికి రాలేదు. సరే, మనసు మారిందేమో అనుకున్నాను," అంది మెల్లగా. "నేను కుట్టింది కూడా ఉంచుకోవాలని లేదా? కుట్టు అంత బాగోలేదా?"

నూకరాజు గుండెలో ఏదో పుటుక్కున తెగింది. చెప్పకుండా దాచి ఆమెను నిలుపుకుందామనుకున్నాడు. దాచడం వల్లే ఆమె దూరమైపోతోంది.

"కుట్టులో తప్పు లేదు, సత్యా. అంకె తప్పు."

మాస్టారు ఫోటో వైపు చూసి, మళ్ళీ అతని వైపు చూశాడు. జోగారావు జెండాని నెమ్మదిగా గోడకి ఆనించాడు.

"అబద్ధం నా సూదితో ఆడించావన్నమాట," అంది సత్యవేణి.

అతను తల వంచుకున్నాడు. ఆమె లోపలికి వచ్చి అతని ఎదురుగా కూర్చుంది. అతని మోకాలి మీది దారంలోంచి పొడుగాటి పోగు ఒకటి ఏరి, తడిచేసి, సూదిలో ఎక్కించింది. ఈసారి ఒక్కసారికే ఎక్కింది. చొక్కాని తన ఒళ్ళోకి లాక్కుంది.

"సరైన అంకె చెప్పు. కుడతాను."

నూకరాజు ఆ అంకెని అంతవరకు పైకి అనలేదు. ఒంటరిగా ఉన్నప్పుడు కూడా అనలేదు. ఇప్పుడు మాస్టారు, జోగారావు, అతను ప్రాణంగా చూసుకునే ఆ పిల్ల, ముగ్గురూ వింటుండగా లేచి నిలబడి గట్టిగానే అన్నాడు.

"నాలుగు గంటల ముప్ఫై ఒక్క నిమిషం. మధ్యలో నడిచాను కూడా. సాయంత్రం మీ నాన్నకి కూడా ఇదే చెప్తాను."

అనుకున్నంత చెయ్యలేకపోయినా సిగ్గుపడనక్కర్లేదు. చేసినంత ఉన్నదున్నట్టు చెప్పుకున్నప్పుడే అది మనదవుతుంది, మనవాళ్ళూ మనకి మిగులుతారు.