వరుసలో చోటు

మా పంతులమ్మ గారిని సూటిగా ఒక ప్రశ్న అడిగి, సూటిగా జవాబు తెచ్చుకున్నవాళ్ళు పెద్దాపురంలో ఎవరూ లేరు. ఆవిడ అసలు పేరు భ్రమరాంబ. ఆడపిల్లల హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాక, సాయంత్రాలు తన ఇంటి వసారాలో పురాణం చెప్పేవారు. పురాణం అయ్యాక ఎవరి సందేహం వాళ్ళు అడగవచ్చు. అడిగితే ఆవిడ కాసేపు వీధికేసి చూసి, ఎవరింట్లోనో జరిగిన సంగతి ఎత్తుకునేవారు. "మోక్షం గురించి అడిగితే ములక్కాడల గొడవ చెబుతారేమిటండీ" అని కొత్తగా వచ్చినవాళ్ళు గొణుక్కునేవారు. పాతవాళ్ళం మాత్రం నోరు మూసుకుని వినేవాళ్ళం. ఇంటికెళ్ళి అన్నం తింటుంటే మధ్యలో ముద్ద ఆగేది. ఆ ములక్కాడ మన పెరట్లోదేనని అప్పుడు తెలిసేది.

కోదండపాణి గారు కరెంటాఫీసులో పనిచేసి దిగిపోయిన మనిషి. పూజ, జపం, ఉపవాసం, అన్నీ నిష్ఠగా చేస్తారు. ఏకాదశి నాడు ఎదురుపడితే మన నీడ కూడా మీద పడనివ్వరని మేం చాటున వేళాకోళం చేసేవాళ్ళం. ఆ మనిషి ఒక సాయంత్రం పురాణం అయ్యాక లేచి నిలబడ్డారు. "పంతులమ్మ గారూ, బుద్ధెరిగిన దగ్గర్నుంచీ పిలుస్తున్నానండీ ఆయన్ని. లేస్తే ఆ పేరే, పడుకుంటే ఆ పేరే. ఒక్కసారి ఇటు తిరిగి పలికితే ఏం పోయిందండీ ఆయనకి? వినపడదా? లేకపోతే నేనంటే ఇష్టం లేదా?" అన్నారు. అంత పెద్దమనిషి, తప్పిపోయిన పిల్లవాడిలా నిలబడి అలా అడుగుతుంటే మాకు నవ్వు రాలేదు. నా పక్కనున్నాయన "భక్తిలో లోపం ఉంటే..." అంటూ ఏదో సర్దబోయారు. పంతులమ్మ గారు ఆయన్ని ఒక్క చూపుతో కూర్చోబెట్టి, "మా వీధిలో శేషమాంబ గారి ఇల్లు మీకు తెలుసుగా కోదండపాణి గారూ" అని మొదలుపెట్టారు. ఆవిడ చెప్పింది నాకు గుర్తున్నంత వరకు చెబుతాను.

శేషమాంబ గారి కోడలు వకుళ. వకుళకి ఒక్కతే కూతురు, ఆమని. పిల్లకి ఆరో ఏడు వచ్చినా మాట రాలేదు. పిలిస్తే తిరగదు, ముఖంలోకి చూడదు. కాకినాడ తీసుకెళ్తే డాక్టరు గారు చూసి, దీన్ని ఆటిజం అంటారమ్మా, పిల్లతో బాగా ఆడుతూ ఉండండి అన్నారు. వకుళ ఆ మాటని మందుచీటీ కంటే భద్రంగా మోసుకొచ్చింది. వస్తూ వస్తూ బజారులో లక్కపిడతలు, బంతి, కళ్ళు మూసి తెరిచే బొమ్మ, ఇంకా ఏవేవో సంచీ నిండా కొనుక్కొచ్చింది.

ఆమనికి ఆట తెలియదనుకుంటే పొరపాటు. ఆ ఇంట్లో ఆమని కంటే ఎక్కువ ఆడుకునేవాళ్ళు లేరు. దాని ఆట ఒక్కటే, వరుస. చెంచాలు, చెప్పులు, చింతపిక్కలు, బట్టల క్లిప్పులు, ఏవి దొరికితే వాటిని నేల మీద ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటూ పోయేది. పేర్చేటప్పుడు గొంతులో సన్నగా ఏదో రాగం తీసేది. వరుస తిన్నగా కుదిరితే లేచి నిలబడి రెండు చేతులూ అల్లల్లాడించేది. అప్పుడు దాని ముఖం చూడాలి. పంచభక్ష్య పరమాన్నాలు పెట్టినా ఎవరి ముఖంలోనూ అంత తృప్తి కనపడదు.

వకుళ ఎదురుగా కూర్చుని "ఆమనీ, అమ్మకి కాఫీ ఇస్తావా? ఆకలేస్తోందే, అన్నం వండుతావా?" అని అడిగేది. ఆమని లక్కపిడతలు తీసి వరుసగా పేర్చేది. వకుళ అందులోంచి ఒక చిన్న గ్లాసు లాక్కుని, తాగినట్టు నటించి, "అబ్బ, ఎంత బాగుందో" అనేది. అంతే, పిల్ల గుండె పగిలేలా ఏడ్చేది. ఆ గ్లాసు దాని చోట పెట్టేదాకా ఊరుకునేది కాదు. వకుళ మళ్ళీ అడిగేది, మళ్ళీ లాక్కునేది, మళ్ళీ ఏడుపు. పూటపూటా మందు పట్టినట్టు ఆడించేది. ఒకరోజు పక్కింటి పాప వచ్చి కాసేపు ఇదంతా చూసి, ఏమనుకుందో ఏమో, ఒక లక్కపిడత అందుకుని "ఆంటీ, కాఫీ తాగండి, చల్లారిపోతుంది" అంటూ వకుళకి ఇచ్చింది. వకుళ తాగింది. "బాగుందమ్మా" అంది. తర్వాత లోపలికెళ్ళి తలుపేసుకుంది. ఆ సాయంత్రం దొడ్డిగోడ దగ్గర పంతులమ్మ గారితో అందిట, "ఊళ్ళో పిల్లలంతా వాళ్ళమ్మల్ని విసిగిస్తారు కదండీ, ఉత్తుత్తి కాఫీ తాగు, ఉత్తుత్తి అన్నం తిను అని. నా పిల్ల నన్ను ఒక్కసారి అలా విసిగిస్తే చాలండి. తన ఆటలో నన్ను ఒక్కసారి పిలిస్తే చాలు, జన్మలో ఇంకేం అడగను."

చుట్టుపక్కలవాళ్ళు ఊరుకుంటారా? తలా ఒక మాట. మొండిది అన్నవాళ్ళున్నారు, గారం ఎక్కువై అలా తయారైంది అన్నవాళ్ళున్నారు. ఏ పుట్టలో ఏ పాముందో, తాయెత్తు కూడా కట్టించి చూడమన్నవాళ్ళున్నారు. వీధిలో మగపిల్లలైతే మెల్లిగా వచ్చి వరుస మధ్యలోంచి ఒక చింతపిక్క తీసి, ఏడుపు వినపడగానే పారిపోయేవాళ్ళు. వాళ్ళకి అదొక ఆట. వకుళ మాత్రం అందరికీ తనే సంజాయిషీ చెప్పుకునేది. "ఏమీ అనుకోకండి" అన్న మాట ఆ అమ్మాయి పెదాల మీద ఎప్పుడూ సిద్ధంగా ఉండేది.

శేషమాంబ గారు చెడ్డమనిషి కాదు. మనవరాలంటే ప్రాణమే. దాన్ని ఎలా దగ్గరికి తీసుకోవాలో తెలియక దూరంగా ఉండేవారు. దసరాకి ఆవిడ తీర్చే బొమ్మల కొలువంటే ఊళ్ళో పేరు. ఆ విషయంలో ఆవిడ దగ్గర ఎవరి ఆటలూ సాగవు. మెట్ల మీద తెల్లదుప్పటి పరిచి, బొమ్మకీ బొమ్మకీ మధ్య బెత్తెడు ఎడం కొలుచుకుని మరీ పెట్టేవారు. ఒక బొమ్మ కాస్త పక్కకి తిరిగి ఉంటే ఆ పూట ఆవిడకి అన్నం సయించదు. తీర్చిన కొలువుని పండగ వెళ్ళేదాకా కదపకూడదని ఆ ఇంటి ఆనవాయితీ. దుమ్ము పడినా సరే, చెయ్యి వెయ్యకూడదు. అన్ని బొమ్మలున్న ఇంట్లో బొమ్మని ముట్టుకున్న పిల్ల లేదు. పేరంటం వేళకి వకుళ ఆమనిని వెనక గదిలో ఉంచి తలుపు దగ్గరగా వేసేది. "బొమ్మలకి కొలువు, పిల్లకి గది" అన్నారు పంతులమ్మ గారు.

ఆ ఏడు ఒక సాయంత్రం పేరంటాళ్ళు వచ్చే వేళైంది. వకుళ ఆమనిని ఇంకా గదిలోకి పంపకుండానే వంటింట్లో శనగలు తాలింపు వేస్తోంది. శేషమాంబ గారు పెరట్లో పూలు కోస్తున్నారు. పంతులమ్మ గారు హారతి పాట పాడడానికి నలుగురు ఆడవాళ్ళతో కలిసి గుమ్మం ఎక్కబోయి ఆగిపోయారు. గుమ్మం లోపల నేల మీద ఒక బొమ్మ ఉంది. దాని పక్కన ఇంకొకటి, ఆ పక్కన ఇంకొకటి. మెట్ల మీద ఉండవలసిన దేవుళ్ళూ, రాజులూ, పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ, కూరగాయలమ్మే మనిషీ, పోలీసూ, అందరూ నేల మీదికి దిగొచ్చి హాలు సగం దాటేదాకా బారులు తీరి ఉన్నారు. పై మెట్టు మీది బొమ్మలు మాత్రం చెయ్యి అందక మిగిలాయి. ఒక్కటీ పగల్లేదు. ఆమని ఆ సన్నటి రాగం తీస్తూ ఇంకో బొమ్మ కోసం మెట్ల దగ్గరికి వెళ్తోంది.

"అయ్యయ్యో, ఎంత అపచారం!" అన్నారు ఒకరు. ఇంకొకావిడ, సాయం చేద్దామనే కాబోలు, వంగి ఒక బొమ్మని చేతిలోకి తీసుకుంది. ఆమని వెనక్కి తిరిగి చూసింది. అది వేసిన కేకకి వీధిలో వాళ్ళు కూడా తొంగిచూశారు. చెవులు మూసుకుని, తల గోడకేసి కొట్టుకోవడం మొదలుపెట్టింది. వంటింట్లోంచి వకుళ, పెరట్లోంచి శేషమాంబ గారు పరిగెత్తుకొచ్చారు. బొమ్మ తీసినావిడ హడలిపోయి దాన్ని ఎక్కడిదక్కడే పెట్టేసింది. ఏడుపు ఆగింది. వకుళ "ఏమీ అనుకోకండి" అనబోయి, ముందు ఎవరితో అనాలో తెలియక అత్తగారికేసి చూసింది.

శేషమాంబ గారు చాలావరకు ఖాళీ అయిన మెట్లు చూశారు. తర్వాత నేల మీది వరుసని చూశారు. అలవాటు పడ్డ కన్ను కదా, ఎక్కడైనా వంకర దొరుకుతుందేమోనని ఆ చివరి నుంచి ఈ చివరి దాకా వెతికింది. దొరకలేదు. బొమ్మకీ బొమ్మకీ మధ్య ఎడం కూడా సరిగ్గా బెత్తెడే. ఆవిడ ముఖంలో ఆ ఆశ్చర్యాన్ని పట్టేసింది పేరంటాళ్ళలో ఒకావిడ, సీతాయమ్మ గారు. ఈవిడ శేషమాంబ గారి కంటే పెద్దది, నోటికి అదుపు లేని మనిషి. "ఏం చూస్తావే శేషమాంబా! తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడని, నీకు కొలువు తీర్చడం నేర్పేది నీ ఇంట్లోనే పుట్టిందే! ఎవరి పోలికో అని ఊరంతా అడుగుతావు, ఇంకెవరి పోలిక, నీ పోలికే!" అంది. ఆడవాళ్ళంతా నవ్వేశారు. శేషమాంబ గారు కోప్పడదామని చూసి, కోపం రాక తనూ నవ్వేశారు.

వకుళకి ఆ నవ్వు అర్థం కాలేదు. దేన్ని చూసి నవ్వుతున్నారా అని తనూ అటు చూసింది. పిల్ల పుట్టిన దగ్గర్నుంచీ వకుళ పిల్ల ముఖమే చూస్తూ వచ్చింది, ఇటు తిరుగుతుందా, నవ్వుతుందా అని. ఆ పిల్ల ఏం చూస్తోందో ఎన్నడూ చూడలేదు. ఇప్పుడు చూసింది. గుమ్మంలోంచి సాయంకాలపు ఎండ హాల్లో బారుగా పడుతోంది. సరిగ్గా ఆ ఎండ అంచు వెంబడే బొమ్మలన్నీ నిలబడి ఉన్నాయి. ఎంత బాగుందో! ఇంత అందం తన ఇంట్లో రోజూ జరుగుతోందని, తనే చేతులారా చెరుపుతూ వచ్చానని తలుచుకుంటూ వకుళ అటు నడిచింది. వరుస ఆగిన చోట నేల మీద చతికిలబడిపోయింది. పిల్లని పిలవలేదు. చెయ్యి చాపలేదు. తాలింపు గరిటె ఇంకా చేతిలోనే ఉంది.

ఆమని మెట్ల దగ్గర నుంచి ఒక ఏనుగు బొమ్మ పట్టుకుని వచ్చింది. అది పెట్టవలసిన చోట తల్లి కూర్చుని ఉంది. మళ్ళీ కేక పెడుతుందని అందరూ బిగుసుకుపోయారు. ఆమని తల్లి ముఖంలోకి చూడలేదు. నేలకేసి చూసింది, వరుసకేసి చూసింది. ఏనుగుని కింద పెట్టి, తల్లి మోకాలి మీద రెండు చేతులూ వేసి నెట్టింది. వకుళ జరిగింది. భుజం పట్టుకుని తిప్పింది. వకుళ తిరిగింది. గరిటె లాగేసి అవతల పడేసింది, జారిన కొంగు తీసి ఒళ్ళో పెట్టింది. నాలుగడుగులు వెనక్కి వేసి, తల పక్కకి వాల్చి చూసింది. నచ్చలేదు. మళ్ళీ వచ్చి తల్లి పాదం కొంచెం లోపలికి సర్దింది. అప్పుడు ఏనుగుని తెచ్చి వకుళ పక్కన, బెత్తెడు ఎడంలో పెట్టింది. సన్నటి రాగం మళ్ళీ మొదలైంది. వకుళ కళ్ళనీళ్ళు ధారలు కడుతున్నాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఎత్తితే వరుస ఎక్కడ చెడుతుందోనని ఎత్తలేదు.

ఎవరో జాలిపడి "లేమ్మా వకుళా, లే" అంటూ చెయ్యి అందించబోయారు. "ఉండండి" అన్నారు శేషమాంబ గారు. "తీర్చిన కొలువు కదపకూడదు." ఆవిడే పళ్ళెంలో కర్పూరం వెలిగించి, గుమ్మం దగ్గరి మొదటి బొమ్మతో మొదలుపెట్టి, నడుం వంచి ఒక్కొక్కరికీ హారతి ఇచ్చుకుంటూ వచ్చారు. రాజుకిచ్చారు, పోలీసుకిచ్చారు. కోడలి దగ్గరికి వచ్చి, కోడలి ముందు కూడా పళ్ళెం తిప్పి, ఏనుగు దగ్గరికి వెళ్ళారు.

ఇక్కడితో ఆవిడ చెప్పడం ఆపేశారు. కోదండపాణి గారు ఇంకా నిలబడే ఉన్నారు.

"ఆ తర్వాతైనా ఆ పిల్ల అమ్మా అని పిలిచిందాండీ?" అని అడిగారు.

"ఇంతవరకూ లేదు."

"మరి ఆ తల్లికి దిగులుండదా?"

"ఉండకేం? దిగులు ఎక్కడికి పోతుంది" అన్నారు పంతులమ్మ గారు. "పిలవడం మాత్రం మానేసింది కోదండపాణి గారూ. పొద్దున్నే లేచి, ఇవాళ పిల్ల వరుసలో ఎక్కడ కూర్చోవాలో చూసుకుంటోంది."